పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సానుకూల ప్రవర్తనా మద్దతులో పీజీ చదువు

ప్రశ్న: నేను ఏడేళ్లుగా మేధో వైకల్యం ఉన్న పిల్లలకు, యువకులకు పాఠాలు చెబుతున్నాను. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డిగ్రీ చేశాను. చదువు చెప్పడంలో ఇబ్బంది లేదు గాని, తనను తాను కొట్టుకునే పిల్లవాడి ముందు, చేతికందిన వస్తువునల్లా విసిరే అమ్మాయి ముందు నిలబడినప్పుడు నాకేమీ పాలుపోవడం లేదు. ‘పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్’ (సానుకూల ప్రవర్తనా మద్దతు) అనే విషయంలో పీజీ కోర్సులు ఉన్నాయని సహోద్యోగిని ఒకరు చెప్పారు. అందులో ఏం నేర్పుతారు? అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్‌కూ దీనికీ తేడా ఏమిటి? ఈ వయసులో మళ్లీ పుస్తకాలు పట్టి సమయం వెచ్చించదగిన చదువేనా?
ఒక ప్రత్యేక ఉపాధ్యాయిని

జవాబు: పాలుపోకపోవడం మీ ఒక్కరి లోపం కాదు. బడిలో గాని, వసతి గృహంలో గాని ఇలాంటి ఘటన జరిగినప్పుడు అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న ‘ఇప్పుడేం చేయాలి?’ అన్నదే. ఈ చదువులో మొదటి సెమిస్టరు దాదాపుగా ఆ ప్రశ్నను పక్కన పెట్టించి, ఈ పని చేయడం వల్ల ఆ మనిషికి ఏం దక్కుతోంది, ఏం తప్పుతోంది అని అడగడం అలవాటు చేయడానికే సరిపోతుంది.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో చూసిన ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. పదహారేళ్లుంటాయి, మాటలు రావు. భోజనాల గదిలో కూర్చున్న కాసేపటికి తన మణికట్టును తానే రక్తం వచ్చేలా కొరుక్కునేవాడు. అందరూ తనవైపు చూడాలనే ఇలా చేస్తున్నాడని అక్కడి సిబ్బందికి గట్టి నమ్మకం కాబట్టి, పట్టించుకోవద్దని ఒకరికొకరు చెప్పుకునేవారు. మా పర్యవేక్షకురాలు నా చేతికి ఒక కాగితం ఇచ్చి మూడు గడులు గీయమన్నారు: ముందు ఏం జరిగింది, అతను ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది. రెండు వారాల పాటు పూట పూటా రాశాను. మొదటి గడిలో మళ్లీ మళ్లీ కనిపించింది ఒకటే, తిన్న పళ్లేలను ఒకదానిమీద ఒకటి పేర్చే చప్పుడు. మూడో గడిలోనూ ఒకటే, గాయానికి మందు రాయడానికి అతన్ని వరండాలోకి తీసుకువెళ్లడం. ఆ చప్పుడు అతనికి భరించరానిది. రక్తం వచ్చేలా కొరుక్కుంటే తప్ప ఆ గదిలోంచి బయటపడే దారి అతనికి దొరకలేదు.

పళ్లేలు పేర్చే చోటు మార్చాం. తలుపు బొమ్మ గీసిన కార్డు ఒకటి చేసి, అతను దాన్ని చూపించిన మరుక్షణం, పక్కన ఎవరుంటే వారు, బయటికి తీసుకువెళ్లాలని నిర్ణయించుకున్నాం. మొదటి వారంలో ఒక్క పూట భోజనానికే ఇరవై సార్లు చూపించిన రోజు ఉంది. “ఇదేదో ఆటలా ఉంది” అని విసుక్కున్నవారూ ఉన్నారు. ఆ ఇరవై సార్లూ లేచి తీసుకువెళ్లడమే అసలు పని, ఎందుకంటే కొరుక్కోవడం ఎన్నడూ విఫలం కాని ఉపాయం, దానికి పోటీగా పెట్టిన కార్డు కూడా విఫలం కాకూడదు. కార్డు మీద అతనికి నమ్మకం కుదిరాకనే ఒక నిమిషం ఆగమని, కొన్నాళ్లకు రెండు నిమిషాలు ఆగమని అడగగలిగాం.

మేము చేసినదానికి పుస్తకాల్లో ఒక పేరుంది, ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్. ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరాండ్ 1985లో నలుగురు పిల్లల మీద చేసిన పరిశోధనతో అది ప్రచారంలోకి వచ్చింది. అంతకు ముందు 1977లో కార్, తమను తాము గాయపరచుకునే ప్రవర్తన వెనక ఉండగల కారణాలను ఒక వ్యాసంలో విడమరచి రాశారు. 1982లో బ్రయన్ ఇవాటా బృందం తొమ్మిది మందిని ఒక్కొక్కరినీ నాలుగు రకాల పరిస్థితుల్లో గమనించింది. కొందరు పని చెప్పినప్పుడు, కొందరు ఒంటరిగా వదిలినప్పుడు, ఇలా ఆ తొమ్మిదిలో ఆరుగురు ఏదో ఒక నిర్దిష్ట పరిస్థితిలోనే ఎక్కువగా గాయపరచుకుంటున్నారని తేలింది. పైకి ఒకేలా కనిపించే పని వెనక ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంటుందన్నది దీని సారం. ‘కొట్టుకునే పిల్లలకు ఏం చేయాలి’ అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక మీరడిగిన తేడా. అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ ఒక శాస్త్రం. దాని లక్షణాలను బేర్, వుల్ఫ్, రిస్లీ అనే ముగ్గురు 1968లోనే నిర్దేశించారు. గమనించడం, లెక్కించడం, మార్పును రుజువు చేయడం అనే పనిముట్లన్నీ సానుకూల ప్రవర్తనా మద్దతుకు అక్కడినుంచి వచ్చినవే. అయితే 1960లలో, 70లలో అదే శాస్త్రం పేరిట విద్యుత్ షాకులతో సహా బాధ కలిగించే పద్ధతులను వాడినవారు ఉన్నారు. దానికి ఎదురు తిరిగినవారిలో, వైకల్యం ఉన్నవారు అందరిలాగే అందరి మధ్యా బతకాలని కోరిన నార్మలైజేషన్ ఉద్యమకారులూ ఉన్నారు, ప్రవర్తనా శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఈ రెండు పాయలూ కలిసిన చోట 1990 ప్రాంతంలో రాబర్ట్ హార్నర్, కార్, గ్లెన్ డన్లప్ వంటివారి రాతల్లో ఈ రంగానికి ఒక రూపం వచ్చింది. 1999లో దీనికంటూ ఒక పరిశోధన పత్రిక మొదలైంది. లక్ష్యం విషయంలో తేడా స్పష్టంగా ఉంటుంది: ఇక్కడ ముందుగా చూడవలసింది ఆ మనిషి జీవితం మెరుగుపడిందా లేదా అన్నది. ప్రవర్తన తగ్గడం దాని వెంట రావలసిన ఫలితం. రోజంతా మంచానికి అతుక్కుపోయి కదలకుండా కూర్చునేలా చేసి ‘కొట్టుకోవడం సున్నాకు తగ్గింది’ అని గ్రాఫు గీస్తే, ఈ రంగంలో దాన్ని వైఫల్యంగానే లెక్కిస్తారు.

పాఠ్యాంశాల విషయానికి వస్తే, చాలా కోర్సుల్లో ప్రవర్తనా సూత్రాలు, ఫంక్షనల్ అసెస్‌మెంట్ (ప్రవర్తన వెనక ఉన్న కారణాన్ని వెతికి పట్టుకోవడం), మేధో వైకల్యం, ఆటిజం, సంభాషణా పద్ధతులు, నిర్బంధ చర్యలకు సంబంధించిన చట్టమూ నైతికతా, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, చివర ఒక పరిశోధన వ్యాసం ఉంటాయి. బ్రిటన్‌లో పీజీ సర్టిఫికేట్‌కు 60 క్రెడిట్లు, డిప్లొమాకు 120, మాస్టర్స్‌కు 180. ఒక్కో క్రెడిట్‌కు సుమారు 10 గంటల శ్రమ లెక్క కాబట్టి మాస్టర్స్ అంటే 1800 గంటలు. ఉద్యోగం చేస్తూ చదివేవారు సర్టిఫికేట్‌తో ఆగి, వీలైనప్పుడు మళ్లీ కొనసాగించే వెసులుబాటు పలుచోట్ల ఉంటుంది. మీ పరిస్థితికి అదే అనువుగా తోస్తోంది.

ఈ జాబితాలో నీరసంగా కనిపించే అంశమే అన్నింటికన్నా ఎక్కువ కష్టపెడుతుంది, ఎక్కువ నేర్పుతుంది: కొలవడం. ‘కోపం తెచ్చుకుంటాడు’ అని రాసిన అసైన్‌మెంటు వెనక్కి వస్తుంది. ‘అరచేతితో చెంపమీద చప్పుడు వినిపించేంత గట్టిగా కొట్టుకోవడం; రెండు దెబ్బల మధ్య పది సెకన్లు దాటితే రెండో ఘటనగా లెక్క’ అని రాస్తే ముందుకు వెళుతుంది. ఆపైన ఇద్దరు వేర్వేరుగా కూర్చుని అదే మనిషిని గమనించి, తమ లెక్కలు సరిచూసుకోవాలి. గమనించిన సమయాన్ని ఇరవై సమాన ముక్కలు చేస్తే, వాటిలో పదహారింటి విషయంలో ఇద్దరి మాటా కలిస్తే 80 శాతం. సాధారణంగా అంతకన్నా తక్కువ వస్తే ఆ లెక్కను నమ్మరు, నిర్వచనం మళ్లీ రాసుకోవాలి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ మనకు ఇష్టంలేని పిల్లవాడు ఎక్కువ అల్లరి చేసినట్లు, ఇష్టమైనవాడు తక్కువ చేసినట్లు మన కంటికి ఎంత తేలికగా కనిపిస్తుందో తెలిసేది ఆ లెక్కలు కలవనప్పుడే.

వెచ్చించదగిన చదువేనా అంటే, ఒక షరతు మీద అవునంటాను. అనుభవం ఉన్న పర్యవేక్షకుల కింద, నిజమైన మనిషితో, నిజమైన చోట కనీసం ఒక ప్రణాళికను మొదటినుంచి చివరిదాకా నడిపించే అవకాశం ఆ కోర్సులో ఉండాలి. నేను సొంతంగా రాసిన మొదటి ప్రణాళిక పద్నాలుగు పేజీలు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, చదివినవారే లేరు. నెల తరువాత వెళ్లి చూస్తే అది ఫైల్లో మడత నలగకుండా ఉంది. రాత్రి డ్యూటీలో ఉన్న ఆయాను అడిగితే, “మీరు రాసినట్టు చేయాలంటే నాకింకో రెండు చేతులు కావాలి సార్” అంది. ఇద్దరు ఉండవలసిన పనికి ఒక్కరే ఉన్నారన్న సంగతి నేను అడగనే లేదు. తరువాత ఆమె పక్కన కూర్చుని, ఆమె మాటల్లోనే ఒక్క పేజీ రాసి బీరువా తలుపుకు అంటించాం. ప్రణాళిక ఎంత మంచిదైనా అమలు చేసేవారి చేతికి అతకకపోతే పనికిరాదన్న పాఠాన్ని తరగతి గదిలో చెబుతారు, నేనూ రాసుకున్నాను. అది వంటబట్టింది మాత్రం ఆ రాత్రే.

ప్రశ్న: బహుమతి, శిక్ష అనే పాత పద్ధతికే ‘సానుకూల’మని కొత్త పేరు పెట్టారని నా అనుమానం. శిక్షణ పొందామని చెప్పుకునే చోట్ల కూడా మనుషులను గదిలో పెట్టి తాళం వేయడం, మందులతో మగతలో ఉంచడం చూస్తున్నాం. ఇది నిజంగా పనిచేస్తుందనడానికి రుజువు ఉందా?
ఒక పాఠకుడు

జవాబు: మీ అనుమానాన్ని కొట్టిపారేయను. పేరు మార్చినంత మాత్రాన పని మారదు. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గరి వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో మేధో వైకల్యం ఉన్నవారిని సిబ్బంది కొట్టడం, హింసించడం రహస్యంగా చిత్రీకరించి 2011 మే నెలలో బీబీసీ ప్రసారం చేసింది. పదకొండు మంది నేరం ఒప్పుకున్నారు, వారిలో ఆరుగురికి 2012లో జైలుశిక్ష పడింది. అక్కడివారు నేరస్థులు గనుక అలా జరిగిందని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇళ్లకు దూరంగా, చేయడానికి ఏ పనీ లేకుండా, ఎవరూ తొంగిచూడని గోడల వెనక మనుషులను ఉంచే ఏర్పాటే ముందు తప్పు. మందుల విషయంలోనూ మీరు చెప్పింది నిజం: ఇంగ్లండులో తగిన వైద్య కారణం లేకుండానే యాంటీసైకోటిక్ లేదా యాంటీడిప్రెసెంట్ మందులు వాడుతున్న మేధో వైకల్యం గల పెద్దలు ఏ రోజున చూసినా 30,000 నుంచి 35,000 మంది ఉంటారని 2015లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ అతివాడకాన్ని ఆపడానికి మరుసటి ఏడాది ఒక జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టవలసి వచ్చింది.

రుజువు గురించి. ఒక్కో మనిషి మీద జాగ్రత్తగా చేసిన చిన్న పరిశోధనలు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఫలితాలు బాగున్నాయి. పెద్ద ఎత్తున చేసినవాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఏంజెలా హాసియోటిస్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగంలో 63 మంది ఉన్నారు. ప్రత్యేక నిపుణుల బృందం నేరుగా పనిచేసిన చోట ఇబ్బందికర ప్రవర్తన మిగతావారికన్నా ఎక్కువగా తగ్గింది. అదే పరిశోధకురాలి ఆధ్వర్యంలో 2018లో వెలువడిన మరో ప్రయోగంలో 23 సేవా బృందాలను తీసుకుని, వాటిలో 11 బృందాల సిబ్బందికి సానుకూల ప్రవర్తనా మద్దతులో కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి తిరిగి పంపారు. మామూలు సేవలకన్నా మెరుగైన ఫలితమేమీ కనిపించలేదు. ఈ రెండో ఫలితం బయటికి వచ్చినప్పుడు ఈ రంగంలో చాలామంది ముఖం ముడుచుకున్నారు. నా మటుకు అందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. కొద్దిరోజుల వర్క్‌షాపుతో ఎవరూ శస్త్రచికిత్స నేర్చుకోరు. పై జవాబులో పర్యవేక్షణ గురించి అంతగా నొక్కిచెప్పడానికి కారణం కూడా ఇదే.

బహుమతులకు ఇందులో చోటు ఉన్నమాట నిజమే, అయితే అది చిన్న చోటు. పెద్ద వాటా ఘటనకు ముందు చేసే పనులకే పోతుంది: చప్పుడు తగ్గించడం, రోజులో ఏది తరువాత ఏది జరుగుతుందో బొమ్మలతో ముందే చూపించడం, ఎంచుకునే అవకాశం ఇవ్వడం, పంటినొప్పి గాని మలబద్ధకం గాని చెవిపోటు గాని ఉందేమో వైద్యునికి చూపించడం. చివరిది అన్నింటికన్నా ముందు రావలసింది. నొప్పి చెప్పుకోలేని మనిషికి ప్రవర్తనా ప్రణాళిక రాయడంకన్నా సిగ్గుచేటైన పని లేదు.

మీరు అడగని ఒక విమర్శను కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నాకు అదే అన్నింటికన్నా బరువైనదిగా కనిపిస్తుంది. చేతులు ఆడించడం, ఊగడం, ఒకే మాటను తిప్పి తిప్పి అనడం వంటివాటిని మాన్పించే పేరుతో తమ బాల్యాన్ని పాడుచేశారని ఎందరో ఆటిజం ఉన్న పెద్దలు రాశారు, చెప్పారు. ఆ పనులు ఎవరికి ఇబ్బంది? చేసేవారికి ఊరట, చూసేవారికి చిరాకు. లక్ష్యాన్ని నిర్ణయించేటప్పుడు ఈ ప్రశ్న అడగడం నేర్పని కోర్సు, ఎంత పేరున్నదైనా, మీ అనుమానానికి తగినదే. అడగడం నేర్పే కోర్సుల్లో ఈ మధ్య వైకల్యం ఉన్నవారే పాఠాలు చెప్పడానికి వస్తున్నారు; ఇది మంచి మలుపు.

ప్రశ్న: మా అన్నయ్యకు తీవ్రమైన మేధో వైకల్యం ఉంది. నాన్నగారు పోయాక అతని బాగోగులన్నీ అమ్మా నేనే చూస్తున్నాం. నేను కామర్స్ చదివాను. ఈ పీజీలో నాకు ప్రవేశం దొరుకుతుందా? అన్నయ్యకోసమే చదవాలని ఉంది.
ఒక చెల్లెలు

జవాబు: అమ్మా, దొరికే అవకాశం ఉంది. సైకాలజీ, విద్య, నర్సింగ్, సోషల్ వర్క్, స్పీచ్ థెరపీ వంటి డిగ్రీలున్నవారికి ప్రాధాన్యం ఉంటుంది గాని, వైకల్యం ఉన్నవారితో పనిచేసిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఇంట్లో చూసుకున్న అనుభవం మాత్రమే చాలదని కొన్ని అంటాయి. ఏదైనా సంస్థలో వారానికి రెండు రోజులు పనిచేసి ఒక లేఖ తెచ్చుకుంటే ఆ అడ్డంకి చాలావరకు తొలగుతుంది.

అయితే చేరకముందే తెలుసుకోవలసింది ఒకటి ఉంది. మీ కేస్ స్టడీకి మీ అన్నయ్యను తీసుకోవడానికి సాధారణంగా ఒప్పుకోరు. చెల్లెలిగా ఉంటూనే అతని ప్రవర్తనను కొలిచే నిపుణురాలిగా ఉండడం ఇద్దరికీ మంచిది కాదు. అతని తరఫున అనుమతి ఇచ్చేదీ మీరే, ఆ అనుమతి తీసుకునేదీ మీరే అయితే ‘వద్దు’ అనడానికి అతనికి ఎవరూ మిగలరు. వేరొకరి ఇంట్లో, వేరొకరి అన్నయ్య దగ్గర నేర్చుకోవలసి వస్తుంది. ఇది మీకు నిరాశ కలిగించవచ్చు గాని, ఒక ప్రయోజనం కూడా ఉంది: ఆ ఇంటివారికి మీరు ఇచ్చే సలహాలు ఎంత తేలికగా నోటికి వస్తాయో, వాటిని పాటించడం మీ ఇంట్లో ఎంత కష్టమో మీకన్నా బాగా తెలిసినవారు ఆ తరగతిలో ఉండరు.

అన్నయ్యకోసం మాత్రమే అయితే పీజీ అవసరం లేదు. కుటుంబ సభ్యులకోసం కొన్ని వారాలపాటు నడిపే శిక్షణలు ఉంటాయి, వాటితో మొదలుపెట్టండి. చేరేలోపు ఒక పని చేయగలిగితే, పైన చెప్పిన మూడు గడుల కాగితం ఒకటి గీసి రెండు వారాలు రాయండి. అమ్మగారిని కూడా వేరుగా రాయమనండి, ఇద్దరివీ చివర కలిపి చూడండి.

ప్రశ్న: పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసే పీజీకి విలువ ఉంటుందా?
ఒక మనస్తత్వశాస్త్ర పట్టభద్రుడు

జవాబు: పాఠాలు ఆన్‌లైన్‌లో వినడానికి అభ్యంతరం లేదు. ఇంగ్లండులోని కెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన టిజార్డ్ సెంటర్ వంటి పేరున్న సంస్థలు కూడా దూరవిద్యలో బోధించాయి. ఆ కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ జాక్ టిజార్డ్, 1950ల చివర మేధో వైకల్యం ఉన్న కొందరు పిల్లలను పెద్ద ఆసుపత్రి వార్డులనుంచి తీసి ఇల్లులాంటి చిన్న చోట పెంచి, ఆసుపత్రిలోనే ఉండిపోయిన పిల్లలకన్నా వారికి మాటలు బాగా వచ్చాయని చూపించారు. ఆయన అక్కడికి వెళ్లి చూడకుండా ఆ సంగతి తేలేది కాదు.

కాబట్టి అభ్యాసం ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అన్నది ముందే రాతపూర్వకంగా అడగండి. మీరు పనిచేసే చోటికి పర్యవేక్షకులు వస్తారా, లేక మీరు పంపే వీడియోలు చూస్తారా, నెలకు ఎన్ని గంటలు మీతో మాట్లాడతారు అన్నవి తెలుసుకోండి. ఆ పట్టా మీరు పనిచేయదలచిన దేశంలో చెల్లుతుందో లేదో కూడా విడిగా కనుక్కోవాలి. ఆస్ట్రేలియాలో ఉదాహరణకు, 2018లో ఏర్పడిన ఎన్‌డీఐఎస్ (జాతీయ వైకల్య బీమా పథకం) నాణ్యతా కమిషన్ ఏకాంత నిర్బంధం, మందులు, పరికరాలు, శరీరబలం, పరిసరాల ద్వారా చేసే ఐదు రకాల నిర్బంధ చర్యలను నియంత్రిస్తుంది. ప్రవర్తనా మద్దతు ప్రణాళికలు రాసేవారి సామర్థ్యాన్ని పట్టా చూసి ఊరుకోకుండా, తన ప్రమాణ పత్రంతో సరిపోల్చి అంచనా వేస్తుంది. అందులో మెట్లు కూడా ఉన్నాయి, కొత్తగా పట్టా పుచ్చుకున్నవారు కింది మెట్టుమీద మొదలై పర్యవేక్షణలోనే పనిచేయవలసి ఉంటుంది.